అరుగుదల

మా కంపెనీ పేరు విల్గొచ్.
పోలిష్‌లో చెమ్మ అని అర్థం.
గొప్ప ఆలోచనేం కాదు,
వూచ్ నగరంలో ఆ నేలమాళిగకి అద్దె తక్కువ,
గోడలు అప్పటికే ఆ పేరు పెట్టుకుని ఉన్నాయి.

కంపెనీ అంటే నేనూ, ఒక కోత మిషనూ,
చీటికీ మాటికీ అలిగే హీటరూ.
ఖాళీ రికార్డులు కొనే స్తోమత లేక
టోకు దుకాణంలో పిక్నిక్ పళ్ళేలు కొనేవాణ్ణి,
అవతలి మనిషి కనిపించేంత పల్చటి ప్లాస్టిక్‌వి.
నడుమ చిల్లు పొడిచి సూది దించితే
అంచు నుంచి లోపలికి నడిచేది శబ్దం,
వెంట్రుకలా చుట్టలు చుట్టుకుంటూ
లేచేది చెక్కుడు పొట్టు.

ఆ చలికాలం బోగ్నా వచ్చింది.
మూతపడ్డ నూలుమిల్లులో
పదకొండు రాత్రులు మైకులు పెట్టి పట్టుకొచ్చింది:
మగ్గాలు పోయాక నేలలో మిగిలిన బోల్టులు
మంచుకి బిగుసుకునే చప్పుడు,
ట్రాన్స్‌ఫార్మర్ గురక,
ఎక్కడో పైన ఒక్కటంటే ఒక్క పావురం.
వాటిని సింథసైజర్‌లో నానబెట్టి
ఐదు నిమిషాలు పిండింది.

"ఎన్ని కాపీలు?" అన్నాను.
"వినేవాళ్ళెంత మంది?" అంది.
నవ్వుకుని ఇరవై అనుకున్నాం.
పదిహేడో పళ్ళెం దగ్గర మొన విరిగింది.

ఒసాకాలో ఒకాయన మూడు కొన్నాడు,
ఇప్పటిదాకా ఒక్కటీ కవరు విప్పలేదు.
గెంట్‌లో ఒకావిడ గోడకి తగిలించింది.
రెండు పోస్టులో పగిలాయి.
ఒకదాంట్లో మా అక్క కేకు తినేసింది,
చిల్లు మీద స్ట్రాబెర్రీ పెట్టుకుని మరీ.
ఏడో నంబరు, ట్రాము నడిపే సెవెరిన్‌ది.

అమ్మేటప్పుడే చీటీ పెట్టేవాణ్ణి: ఇది అరుగుతుంది.
తిరిగినప్పుడల్లా సూది ఓ ముద్ద తింటుంది.
ముందు సన్నటి శబ్దాలు పోతాయి,
తర్వాత వాటి పక్కవి.

తొమ్మిదేళ్ళకి మురుగు పొంగి
మాళిగలో టేపులన్నీ మునిగాయి.
కంపెనీ పేరు నిలబెట్టుకుంది.
సరిగ్గా అప్పుడే బెర్లిన్ వాళ్ళు ఉత్తరం రాశారు:
ఆ రికార్డు మళ్ళీ వేస్తాం, శుభ్రమైన కాపీ పంపండి.
ఒసాకా ఆయన్ని అడిగాం.
"విప్పితే ఏం మిగులుతుంది?" అన్నాడు, మర్యాదగానే.

సెవెరిన్ వంటింట్లో కూచున్నాం, నేనూ బోగ్నా.
డ్యూటీ దిగాక రోజూ ఒకసారి పెట్టేవాడట.
ఇంకా నయం, ఒక్కసారే.
పళ్ళెం పాలలా తెల్లబడింది.
సూది దించాడు.
ఏమీ లేదు. దూరాన ఎవరో ఊపిరి పీల్చినట్టు
ఒక చప్పుడు, అంతే.

బోగ్నా ముఖం చూడలేక హీటరు వైపు తిరిగాను.
అప్పుడు సెవెరిన్ చెంచాతో బల్ల మీద కొట్టాడు,
టక్. కాసేపాగి, టక్ టక్.
బోల్టులు.
ఒక్కటీ తాళం తప్పలేదు.
మూడో నిమిషం దాటుతుంటే వేలు పైకెత్తి
"ఇదిగో, పావురం" అన్నాడు.
మేం పైకప్పు కేసి చూశాం.

అరిగిన రికార్డంటే చెప్పిందే చెప్పేది అంటారు.
అబద్ధం.
అరిగినది ఏమీ చెప్పదు.
తిన్నది అరిగి ఒంట్లో కలిసినట్టు
విన్నది వాడిలో కలిసింది.
మేం వెతుకుతున్న కాపీ
మాకు టీ పోస్తోంది.

"ఇది నాది కాదు" అంది బోగ్నా మెట్లు దిగుతూ.
ఏడుపో నవ్వో తెలీలేదు,
మెట్ల మీద లైటు లేదు.

బెర్లిన్‌కి ఇంకా జవాబు రాయలేదు.
ఒసాకా ఆయన మాత్రం, ఎలా తెలిసిందో,
ఏడో నంబరు ఎంతకిస్తారని అడిగాడు.
ఆ మాట చెబితే సెవెరిన్
పళ్ళేన్ని చొక్కా అంచుతో తుడిచి
షెల్ఫులో మిగతా పళ్ళేల మధ్య పెట్టాడు,
సూపు తాగేవాటి పక్కన.
ఆరింటికి మొదటి ట్రాము తీయాలి వాడు.